తాళంచెవికి రసీదు

అజ్మాన్ కోర్టు. మూడో హాలు.
బయట నలభై ఆరు డిగ్రీలు, లోపల దుప్పటి కప్పుకునేంత చలి.
నాకొక మైకు, ఒక గ్లాసు నీళ్లు,
మాటల్ని తెలుగు గట్టు నుంచి అరబ్బీ గట్టుకు దాటించే ఉద్యోగం.
రాయచోటిలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు,
మదర్సాలో దెబ్బలతో అరబ్బీ.
ఆ దెబ్బలే ఇప్పుడు నా జీతం.

పదకొండో కేసు.
ఓబులేశ్వరి, ఇరవై తొమ్మిదేళ్లు, లాండ్రీలో ఇస్త్రీ.
నేరం: నాలుగేళ్ల తన్మయిని గదిలో పెట్టి తాళమేసి పోవడం.

పోయిన వారం ఇదే బోనులో
కారులో కొడుకును మర్చిపోయిన ఒక ఆఫీసరు నిలబడ్డాడు.
ఆయనకు వకీలున్నాడు. నా అవసరం పడలేదు.

ఫైలులో అంతా ఉంది.
మూడో అంతస్తు. అల్యూమినియం కిటికీ.
ఎక్కడానికి పనికొచ్చిన సోనామసూరి సంచి, పది కిలోలది.
కిటికీ గట్టు మీద దొరికిన ఒక కాలి గులాబీ చెప్పు.
ఎదురు సెలూన్‌లో సియాల్‌కోట్ మంగలి
సగం గడ్డం గీసిన గిరాకీని కుర్చీలో వదిలేసి
మెడకు కట్టే నల్లగుడ్డతో పరుగెత్తాడట,
నలుగురు నాలుగు కొసలు పట్టుకున్నారట.
పిల్ల పడలేదు.
పడలేదన్న మాట దగ్గర జడ్జి వేలు కాసేపు ఆగింది.

ఫైలులో లేనిది ఆమె చెప్పింది:
"ఆయప్ప నీళ్ల ట్యాంకరు తోల్తాడు సార్. నాలుక్కొస్తాడు.
నాలుగున్నరకు నా బండొస్తాది.
ఆ పొద్దు ట్యాంకరు మసాఫీ కాడ నిలబడిపాయ.
కింద యాదో ట్యాంకరోళ్లు హారన్ కొట్టినారంట.
నాయనొచ్చినాడని ఎక్కినాది బిడ్డ."

నేను దాటించాను.
హారన్ దాటింది. నాయన కూడా దాటాడు.
ఆయప్ప అన్న మాటలో మర్యాదా విసుగూ కలిసిన ఆ ముద్ద మాత్రం
ఈ గట్టునే ఉండిపోయింది.

జడ్జి అడిగాడు: ఇహ్మాల్ ఒప్పుకుంటున్నావా?
నేను పుస్తకంలో మాట వేశాను: నిర్లక్ష్యం.
"అంటే ఏంది సార్?"
బిడ్డను పట్టించుకోకపోవడం, అన్నాను.
ఆమె నన్నే చూసింది, ఆ మాట నేనే కనిపెట్టినట్టు.
"పట్టించుకోకపోతే తాళమెందుకేస్తా?"

ప్రమాణం చేసినవాణ్ణి. ఒక్క అక్షరం మింగకూడదు.
అరబ్బీలో చెప్పాను.
గుమాస్తా టైపు చేయడం ఆపాడు.
ఇది రాయాలా వద్దా అని జడ్జి మొహం చూశాడు.
రాయి, అన్నట్టు చెయ్యి కదిలింది.

తీర్పుకు ఆరు నిమిషాలు. అందులో రెండు నావి.
నెల రోజుల జైలు, అమలు నిలిపివేత.
రెండు వేల దిర్హాముల జరిమానా.
పిల్లను మళ్లీ ఒంటరిగా ఉంచనని హామీపత్రం.
నిలిపివేతకు మా ఊరి మాట దొరకలేదు నాకు.
కత్తి నెత్తిమీదే ఉంటాది, దిగదు, అన్నాను.
మళ్లీ జరిగితే దిగుతాది.
ఆమె వేళ్ల మీద లెక్కేసుకుంది.
"రెండు నెల్ల ఇస్త్రీ," అంది, ఎవరితోనూ కాదు.

కౌంటర్ దగ్గర వస్తువులు తిరిగిచ్చారు,
ప్లాస్టిక్ సంచిలో, నంబరు చీటీతో:
గులాబీ చెప్పు ఒకటి, తాళంచెవి ఒకటి.
అందినట్టు ఇక్కడ సంతకం, అని చూపించాను.
చెప్పును చున్నీతో తుడిచింది.
తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని అడిగింది:
"రేపు గూడా నాలుగున్నరకే బండొస్తాది.
దీన్నేం జేసేది అన్నా?"

సార్ పోయి అన్న వచ్చింది.
ఈ ప్రశ్నను ఎవరికి అనువదించాలో
నా ప్రమాణపత్రంలో లేదు.
హాల్లోంచి పన్నెండో కేసు పిలుస్తున్నారు.
రసీదు మీద సిరా ఆరేదాకా
ఊదుతూ నిలబడ్డాను.